క్లౌడ్ నేర్చుకునేదానికి 90 వేల ల్యాప్‌టాప్ ఎందుకప్పా?

పోయిన నెల ఒక సాయంత్రం పలమనేరు బస్టాండ్ దగ్గర టీ తాగుతుంటే తెలిసిన రైతు ఒకాయన కనిపించాడు. టమాటా పెడతాడు, నాలుగు ఆవులున్నాయి. కొడుకు బీటెక్ మూడో సంవత్సరం.

"నువ్వు ఫోన్లు, ల్యాప్‌టాప్‌లు చూసి రాస్తావు కదప్పా, మావోడికి ఒకటి చెప్పు. క్లౌడ్ కోర్సులో చేరినాడు. 16 జీబీ ర్యామ్ ఉండాలంట, గ్రాఫిక్స్ కార్డు కూడా కావాలంట. 90 వేలు అవుతాదంటున్నారు. వడ్డీకి తెద్దామని చూస్తా ఉండా" అన్నాడు.

నూటికి రెండు రూపాయల వడ్డీ అనుకున్నా నెలకు 1,800 రూపాయలు. ఏడాదికి 21,600. అసలు అట్లే ఉంటుంది. టమాటా రేటు వచ్చే నెల ఎంతుంటుందో మదనపల్లె మార్కెట్‌లో ఎవరూ చెప్పలేరు. ఆ ఇంటికి ఇది చిన్న లెక్క కాదు.

ఇంట్లో ఇప్పుడేముంది అని అడిగా. కూతురు చదివేటప్పుడు కొన్న ల్యాప్‌టాప్ ఒకటి అటక మీద ఉందట. ఏడో తరం ఐ5 ప్రాసెసర్, 8 జీబీ ర్యామ్, ఎస్‌ఎస్‌డీ. విండోస్ 11 ఎక్కలేదు. విండోస్ 10కి 2025 అక్టోబర్ 14తో మైక్రోసాఫ్ట్ ఉచిత సపోర్ట్ ఆపేసింది. దాంతో పనికిరాదనుకుని పైన పెట్టేశారు.

"అది చాలు" అన్నాను. ఆయన నమ్మలేదు. నమ్మకపోవడంలో తప్పు లేదు. కొత్త ల్యాప్‌టాప్‌లు కొనమని చెప్పే రివ్యూలు రాసేవాడు పాతది చాలంటే ఎవరికైనా అనుమానం వస్తుంది. అందుకే ఎందుకు చాలో వివరంగా రాస్తున్నా. క్లౌడ్, డెవాప్స్ అంటూ కోర్సుల్లో చేరి, ముందు ల్యాప్‌టాప్ కోసం అప్పు చేస్తున్న ప్రతి ఇంటికీ ఇది వర్తిస్తుంది.

16 జీబీ లెక్క ఎక్కడి నుంచి వచ్చింది?

కోర్సు వాళ్ళు ఊరికే చెప్పలేదు. ఒకప్పుడు ఇంట్లో సర్వర్లు ప్రాక్టీస్ చెయ్యాలంటే వర్చువల్ మెషీన్లే దారి. ఒక్కో వర్చువల్ మెషీన్‌లో ఒక్కో పూర్తి ఆపరేటింగ్ సిస్టమ్ ఉంటుంది. దాని కెర్నెల్ దానిదే, దాని ర్యామ్ దానిదే. మూడు మెషీన్లు పెట్టి ఒక్కోదానికి 2 జీబీ ఇస్తే 6 జీబీ పోయినట్టే. మిగిలిన 2 జీబీలో విండోస్, బ్రౌజర్ రెండూ బతకాలి. ఆ రోజుల్లో 16 జీబీ అడగడం న్యాయమే.

ఇప్పటికీ విండోస్ మీద డాకర్ డెస్క్‌టాప్ వేసుకుంటే లోపల ఒక లినక్స్ వర్చువల్ మెషీన్ నడుస్తుంది. కంటైనర్లన్నీ దాని లోపలే ఉంటాయి. అంటే విండోస్ ర్యామ్, ఆ మెషీన్ ర్యామ్ రెండూ మనమే భరించాలి. ల్యాప్‌టాప్ నెమ్మదించిందని చాలామంది డాకర్‌ని తిడతారు. తిట్టాల్సింది ఆ మధ్య అంతస్తుని.

ఇక గ్రాఫిక్స్ కార్డు సంగతి. కంటైనర్లు, నెట్‌వర్కింగ్ నేర్చుకోవడానికి అది పైసా పనికిరాదు. గేమ్స్ ఆడుకోవడానికి పనికొస్తుంది. ఆ ముక్క కొడుకు నాన్నకు చెప్పి ఉండడు.

ఒకే బోరు, వేర్వేరు కుళాయిలు

మన పక్క మాటల్లో చెప్పాలంటే, వర్చువల్ మెషీన్ అంటే ప్రతి ఇంటికీ ఒక సొంత బోరు. కంటైనర్ అంటే ఒకే బోరు, ఇంటింటికీ ఒక కుళాయి. ఆ బోరు లినక్స్ కెర్నెల్. ప్రతి ఇంటికీ కొత్తగా బోరు వెయ్యాల్సిన పని లేదు కాబట్టి ఖర్చు తక్కువ, పని మొదలవడానికి ఒక క్షణం చాలు.

ఇందులో రెండు ఏర్పాట్లున్నాయి. మొదటిది నేమ్‌స్పేస్. అది ఇళ్ళ మధ్య గోడ. ఒక కంటైనర్‌లో నడిచే ప్రోగ్రామ్‌కి తన ఫైళ్ళు, తన ప్రాసెస్‌లు, తన నెట్‌వర్క్ మాత్రమే కనిపిస్తాయి. పక్కింట్లో ఎవరున్నారో తెలియదు. రెండోది సీగ్రూప్. అది కుళాయికి బిగించిన వాల్వు. ఈ కంటైనర్‌కి 256 ఎంబీ ర్యామ్, అర సీపీయూ అని తిప్పి పెడితే అంతకు మించి తీసుకోలేదు.

ఈ వాల్వు కథలో మనకు దగ్గరి సంగతి ఒకటుంది. సీగ్రూప్ పనిని 2006లో గూగుల్‌లో పాల్ మెనేజ్, రోహిత్ సేథ్ మొదలుపెట్టారు. 2008 జనవరిలో వచ్చిన లినక్స్ 2.6.24లో అది కలిసింది. అందులో సీపీయూని గుంపుల వారీగా పంచే భాగం రాసింది శ్రీవత్స వడ్డగిరి, ఐబీఎం బెంగళూరు ల్యాబ్‌లో పనిచేస్తూ. ర్యామ్‌కి హద్దు పెట్టే మెమరీ కంట్రోలర్ రాసింది ఐబీఎంకే చెందిన బల్బీర్ సింగ్. లినక్స్ సోర్స్ కోడ్ తెరిస్తే ఇద్దరి పేర్లూ కనిపిస్తాయి. పలమనేరులో బస్సెక్కితే పూట తిరక్కముందే చేరే ఊళ్ళో కూర్చుని ఒకరు రాసిన కోడ్ ఈరోజు ప్రపంచంలోని ప్రతి క్లౌడ్ కంపెనీలో నడుస్తోంది. దాన్ని నేర్చుకోవడానికి మనకు దూరం అడ్డం కాదు. ల్యాప్‌టాప్ ధర అస్సలు కాదు.

2013లో డాకర్ వచ్చి ఈ పాత ముక్కల్ని మామూలు డెవలపర్ చేతికి అందేలా ప్యాక్ చేసింది. 2014లో గూగుల్ ఇంజినీరు జో బేడా తమ దగ్గర వారానికి 200 కోట్లకు పైగా కంటైనర్లు మొదలవుతున్నాయని బయటపెట్టాడు. అదే ఏడాది కుబెర్నెటిస్‌ని గూగుల్ ఓపెన్ సోర్స్ చేసింది. హైదరాబాదులో పెరిగిన సత్య నాదెళ్ల సీఈవో అయిన కొన్ని నెలలకే "మైక్రోసాఫ్ట్‌కి లినక్స్ అంటే ఇష్టం" అని వేదిక మీద ప్రకటించిందీ ఆ ఏడాదే. విండోస్ కంపెనీ అధినేతే లినక్స్‌ని ఒప్పుకున్నాడు. పాత ల్యాప్‌టాప్‌లో లినక్స్ వెయ్యడానికి ఇంకా భయమెందుకు?

మన ఊళ్ళలో ముఖ్యమైన ఇంకో లెక్క మొబైల్ డేటా. రోజుకు 2 జీబీ ప్యాక్ మీద హాట్‌స్పాట్ పెట్టుకుని చదివే పిల్లలు ఎంతమంది లేరు? ఒక వర్చువల్ మెషీన్ కోసం డౌన్‌లోడ్ చేసే ఐఎస్ఓ ఫైలుకే ఆ ప్యాక్ సరిపోదు. అదే కంటైనర్ లోకంలో ఆల్పైన్ అనే లినక్స్ ఇమేజ్ 10 ఎంబీ కూడా ఉండదు. పైగా ఇమేజ్‌లు పొరలు పొరలుగా ఉంటాయి. కింది పొర ఒకసారి దిగితే దాని మీద కట్టిన పది ఇమేజ్‌లకూ అదే వాడుకుంటుంది.

ఒక హెచ్చరిక కూడా చెప్పాలి. బోరు ఒకటే కాబట్టి బోరులో విషం కలిస్తే అన్ని ఇళ్ళకూ పోతుంది. కెర్నెల్‌లో లోపం ఉంటే కంటైనర్ గోడలు ఆపలేవు. 2019లో రన్‌సీ అనే ముఖ్యమైన కంటైనర్ టూల్‌లో బయటపడిన లోపంతో కంటైనర్ లోపలి ప్రోగ్రామ్ బయటి మెషీన్‌నే స్వాధీనం చేసుకునే దారి దొరికింది. అందుకే ఎవరెవరివో కంటైనర్లను ఒకే సర్వర్ మీద నడిపే కంపెనీలు జాగ్రత్త పడతాయి. అమెజాన్ అయితే ఫైర్‌క్రాకర్ పేరుతో చిన్న వర్చువల్ మెషీన్లనే వాడుతుంది. ఇంట్లో నేర్చుకునేవాడికి ఆ ఇబ్బంది లేదు. ఇల్లంతా తనదే.

బస్టాండ్‌లో కంట్రోలర్

కంటైనర్ల గురించి కోర్సుల్లో బాగానే చెప్తారు. నెట్‌వర్క్ దగ్గరికొచ్చేసరికి "ఇది డీఫాల్ట్‌గా పెట్టుకోండి" అని దాటేస్తారు. ఇంటర్వ్యూలో పిల్లలు తడబడేది కూడా అక్కడే అని నా అనుభవం.

సాఫ్ట్‌వేర్ డిఫైన్డ్ నెట్‌వర్కింగ్, అంటే ఎస్‌డీఎన్, మన ఆర్టీసీ బస్టాండ్ చూస్తే అర్థమైపోతుంది. బండి నడిపేది డ్రైవరు. ఏ బస్సు ఎటు పోవాలి, తిరుపతికి జనం ఎక్కువైతే ఏ బస్సును అటు మళ్ళించాలి అని చూసేది గదిలో కూర్చున్న కంట్రోలర్. మొగిలి ఘాట్‌లో లారీ అడ్డం పడిందని ఆయనకు ఫోన్ వస్తుంది, డ్రైవర్లందరికీ ఒకే మాట పోతుంది.

పాత పద్ధతి నెట్‌వర్క్‌లో ఈ కంట్రోలర్ ఉండడు. ప్రతి రౌటరూ పక్క రౌటర్లతో మాట్లాడి తన దారి తానే తేల్చుకుంటుంది. ఇంటర్నెట్ పెద్ద ఎత్తున ఈరోజుకీ అలాగే నడుస్తోంది, బాగానే నడుస్తోంది. కానీ ఒకే కంపెనీ చేతిలో వేలకు వేలు సర్వర్లుండి, వాటి మీద కంటైనర్లు క్షణానికొకటి పుట్టి పోతుంటే, ప్రతి స్విచ్ దగ్గరికీ పోయి సెట్టింగ్ మార్చేదెవరు? నిన్న ఈ సర్వర్ మీదున్న కంటైనర్ ఈరోజు ఇంకో దాని మీద లేస్తుంది. దాని అడ్రస్ కూడా దాంతో పాటు పోవాలి. కంటైనర్లు ఇంత పెరిగాయంటే వెనక నెట్‌వర్క్ కూడా సాఫ్ట్‌వేర్‌గా మారడమే కారణం.

2008లో స్టాన్‌ఫర్డ్‌లో నిక్ మెక్‌కియోన్, ఆయన సహచరులు ఓపెన్‌ఫ్లో గురించి పేపర్ రాశారు. స్విచ్ పని ప్యాకెట్లను పంపడం వరకే, ఎటు పంపాలో చెప్పేది వేరే కంట్రోలర్ ప్రోగ్రామ్ అన్నది దాని సారం. నాలుగేళ్ళకు గూగుల్ తన డేటా సెంటర్ల మధ్య నెట్‌వర్క్‌ని ఇలాగే నడుపుతున్నట్టు చెప్పింది. 2013లో ఆ నెట్‌వర్క్ మీద పేపర్ వేస్తూ, లింకుల వాడకం దీర్ఘకాల సగటున 70 శాతం ఉందనీ, మామూలు పద్ధతి కంటే ఇది రెండు మూడు రెట్లు మెరుగనీ రాసింది. కేబుల్ అదే, కొత్తగా వచ్చింది పైన కూర్చున్న కంట్రోలర్.

ఇది మనకు దూరం సంగతి కాదు. 2022 నవంబర్‌లో అమెజాన్ హైదరాబాద్ క్లౌడ్ రీజియన్ తెరిచింది. మీరు అక్కడ అకౌంట్ తెరిచి "కొత్త నెట్‌వర్క్" బటన్ నొక్కితే హైదరాబాదులో ఎవరూ లేచి వైరు లాగరు. సాఫ్ట్‌వేర్‌లో ఒక పట్టీ మారుతుంది, మీకో ప్రైవేట్ నెట్‌వర్క్ వస్తుంది. మీరు, మీ పక్కింటివాళ్ళు ఒకే అడ్రస్ నంబర్లు వాడుకున్నా గొడవ రాదు. పాత వీల్యాన్ పద్ధతిలో ఇలా విడదీయగలిగేది 4,094 నెట్‌వర్కులే. తర్వాత వచ్చిన వీఎక్స్‌ల్యాన్‌లో ఆ సంఖ్య 1 కోటి 67 లక్షలు దాటింది. ఇంతమంది కస్టమర్లను ఒకే కేబుల్ మీద విడివిడిగా ఉంచగలిగితేనే క్లౌడ్ వ్యాపారం సాగుతుంది.

2025 అక్టోబర్‌లో విశాఖపట్నంలో ఏఐ హబ్ కోసం ఐదేళ్ళలో 15 బిలియన్ డాలర్లు పెడతామని గూగుల్ ప్రకటించింది. ఇక్కడి పిల్లలకు అందులో ఎన్ని ఉద్యోగాలొస్తాయన్న వాదన జరుగుతూనే ఉంటుంది. వచ్చేవాటిలో మంచివి మాత్రం బటన్ ఎక్కడుందో తెలిసినవాడికి రావు, బటన్ నొక్కితే లోపల ఏం జరుగుతుందో తెలిసినవాడికి వస్తాయి.

డేటా సెంటర్ మొత్తం ల్యాప్‌టాప్‌లో

అటక మీది ల్యాప్‌టాప్‌తో ఎస్‌డీఎన్ నేర్చుకోవచ్చా? ఆ పని కోసమే చేసిన సాఫ్ట్‌వేర్ ఉంది. పేరు మినీనెట్. 2010లో దాని గురించి బాబ్ లాంట్జ్, బ్రాండన్ హెల్లర్, నిక్ మెక్‌కియోన్ రాసిన పేపర్ పేరు మొదలయ్యేదే "ల్యాప్‌టాప్‌లో ఒక నెట్‌వర్క్" అని. 2010 నాటి ల్యాప్‌టాప్ అండీ! మన ఏడో తరం ఐ5 దాని ముందు పహిల్వాన్.

మినీనెట్ చేసే పని చాలా తెలివైనది. ప్రతి కంప్యూటర్‌కీ వర్చువల్ మెషీన్ పెట్టదు. ఒక్కో నెట్‌వర్క్ నేమ్‌స్పేస్ ఇచ్చి, మధ్యలో సాఫ్ట్‌వేర్ వైర్లు కలిపి, ఓపెన్ వీస్విచ్‌ని స్విచ్‌గా పెడుతుంది. పైన మనం చూసిన గోడలే ఇవి. ఉబుంటులో దీన్నీ, ఒక చిన్న కంట్రోలర్ ప్యాకేజీనీ ఇన్‌స్టాల్ చేసుకుని "సుడో ఎంఎన్" అని ఒక్క లైను కొడితే రెండు కంప్యూటర్లు, ఒక స్విచ్, ఒక కంట్రోలర్ తయారు. సంఖ్య పెంచి యాభై కంప్యూటర్లు అడిగినా 8 జీబీ ర్యామ్‌కి భారం కాదు.

తర్వాత ఈ ప్రయోగం చెయ్యండి. ఒక కంప్యూటర్ నుంచి ఇంకోదానికి పింగ్ పంపండి, పోతుంది. ఇప్పుడు కంట్రోలర్‌ని ఆపెయ్యండి. పింగ్ అప్పుడే ఆగదు. స్విచ్‌లో ముందే రాసిపెట్టిన రూల్స్ ఉన్నంతసేపు ప్యాకెట్లు పోతూనే ఉంటాయి. కాసేపు పింగ్ ఆపి, రూల్స్ గడువు తీరనిచ్చి మళ్ళీ పంపండి. ఈసారి పోదు. కంట్రోలర్ గదికి తాళం వేసినా బయల్దేరిన బస్సు తిరుపతి చేరుతుంది, కొత్త బస్సు మాత్రం కదలదు. ఈ అరగంట ప్రయోగం చేసినవాడికి ఎస్‌డీఎన్ అంటే ఏంటో ఇంకెవరూ చెప్పక్కర్లేదు.

నేను కట్టిన బిల్లు

"ఇవన్నీ ఎందుకు, నేరుగా క్లౌడ్‌లోనే నేర్చుకుంటే పోలా? ఫ్రీ ఇస్తారు కదా" అనేవాళ్ళు ఉంటారు. నేనూ అలాగే అనుకున్నా. ఒక పెద్ద క్లౌడ్ కంపెనీలో అకౌంట్ తెరిచి, వీడియో చూస్తూ ప్రైవేట్ నెట్‌వర్క్ కట్టా. సర్వర్ ఆపేసి పడుకున్నా. నెల తర్వాత కార్డు మీద మూడున్నర వేలకు పైగా బిల్లు పడింది. చూస్తే, వీడియోలో చెప్పినట్టు పెట్టిన నాట్ గేట్‌వే ఒకటి అలాగే నడుస్తోంది. సర్వర్ లేకపోయినా దానికి గంటల లెక్కన మీటరు తిరుగుతుంది. తప్పు నాదే, ధరల పేజీలో రాసే ఉంది.

నాకు కోపం తెప్పించింది డబ్బు కాదు. లోపలున్న నెట్‌వర్క్‌కి బయటి ఇంటర్నెట్ అందించే ఆ పనిని నా సొంత లినక్స్ ల్యాప్‌టాప్‌లో ఒకే ఒక్క రూల్ చేస్తుంది. ఇంట్లో కంటైనర్ల కోసం నెట్‌వర్క్ తయారుచేసేటప్పుడే డాకర్ ఆ రూల్‌ని నాకు చెప్పకుండానే రాసిపెడుతోంది. నా దగ్గర ఉచితంగా జరుగుతున్న పని ఏంటో తెలియక దానికే నెలకు అంత కట్టా. క్లౌడ్ కంపెనీ అది పెద్ద ఎత్తున, ఆగకుండా నడుపుతుంది కాబట్టి డబ్బు తీసుకోవడం న్యాయమే. ఏం కొంటున్నామో తెలిసి కొనడం మన బాధ్యత.

ఒక షాపు వాడికో, పాల సెంటరు వాడికో రేపు మీరు సిస్టమ్ కట్టిస్తే ఆ బిల్లు వాళ్ళ నెత్తిన పడుతుంది. అందుకే నా మాట, ముందు ఇంట్లో నేర్చుకోండి, తర్వాత క్లౌడ్‌కి పోండి. నాలుగు నెలలు ల్యాప్‌టాప్, ఒక నెల క్లౌడ్. పోయేముందు బడ్జెట్ అలర్ట్ పెట్టుకోండి. అయితే ఆ అలర్ట్ మెయిల్ పంపుతుందే గానీ తనంతట తాను సర్వీస్‌ని ఆపదని గుర్తుంచుకోండి.

నా మాట ఎవరికి వర్తించదు?

పాతదే చాలని అందరికీ చెప్పలేను. ఆండ్రాయిడ్ యాప్‌లు చేసేవాళ్ళకు ఆండ్రాయిడ్ స్టూడియో, ఎమ్యులేటర్ కలిసి 8 జీబీని మింగేస్తాయి. మెకానికల్, సివిల్ డిజైన్ సాఫ్ట్‌వేర్లకు, ఇంట్లోనే ఏఐ మోడళ్ళు నడపాలనుకునేవాళ్ళకు మంచి మెషీన్ కావాల్సిందే. 4 జీబీ ర్యామ్, పాత హార్డ్ డిస్క్ ఉన్న ల్యాప్‌టాప్‌తో కూడా కుస్తీ పడొద్దు, చదువు మీద విరక్తి పుడుతుంది.

ఇంట్లో ల్యాప్‌టాప్ నేర్పలేనివి కూడా ఉన్నాయి. రెండు ఊళ్ళలోని డేటా సెంటర్ల మధ్య ఆలస్యం ఎలా ఉంటుంది, వందమంది ఉద్యోగులకు అనుమతులు ఎలా పంచాలి, నిజంగా లక్షమంది ఒకేసారి వస్తే ఏం కూలుతుంది అన్నవి అసలు క్లౌడ్‌లోనే తెలుస్తాయి. పై ఒక్క నెల అందుకే.

తీర్పు

ఇంట్లో 8 జీబీ ర్యామ్, ఎస్‌ఎస్‌డీ ఉన్న ల్యాప్‌టాప్ ఉంటే కొత్తది కొనొద్దు. ఫైళ్ళు వేరే చోట దాచుకుని, విండోస్ తీసేసి ఉబుంటు గానీ డెబియన్ గానీ వేసుకోండి. డాకర్‌ని నేరుగా లినక్స్ మీద ఇన్‌స్టాల్ చేసుకోండి. మధ్య అంతస్తు ఉండదు కాబట్టి ర్యామ్ మిగులుతుంది. అది వచ్చాక మినీనెట్, ఆ తర్వాత వంద ఎంబీ లోపు ఒకే ఫైలుగా వచ్చే కే3ఎస్‌తో కుబెర్నెటిస్. ఈ వరుసలో పోతే ఒక్క రూపాయి కూడా పడదు.

ఇంట్లో ఏమీ లేకపోతే బెంగళూరు ఎస్పీ రోడ్ లాంటి చోట ఆఫీసుల నుంచి వచ్చిన పాత బిజినెస్ ల్యాప్‌టాప్ చూడండి. బ్యాటరీ, కీబోర్డు, ర్యామ్ పెంచుకునే స్లాట్ చూసి తీసుకోండి. ఏఐ డేటా సెంటర్లు మెమరీని ఎగరేసుకుపోతుండటంతో 2025 చివరి నుంచి ర్యామ్ ధరలు బాగా పెరిగాయి. కొత్త ల్యాప్‌టాప్‌లో 16 జీబీ కోసం అప్పు చేసేవాళ్ళు ఈ సమయంలో ఆ ధర కూడా కడుతున్నట్టే.

రైతు కొడుకు పోయిన ఆదివారం ల్యాప్‌టాప్ పట్టుకొచ్చాడు. దుమ్ము దులిపి ఉబుంటు వేశాం. ఒక వెబ్‌సైట్, దాని డేటాబేస్, ముందొక ప్రాక్సీ, మొత్తం మూడు కంటైనర్లు లేపాడు. డెస్క్‌టాప్‌తో కలిపినా సగం ర్యామ్ ఖాళీగానే ఉంది. కంట్రోలర్‌ని ఆపే ప్రయోగం రెండుసార్లు చేసి చూసుకున్నాడు. తండ్రి మధ్యలో ఫోన్ చేసి అడిగింది ఒకటే. "అయితే వడ్డీకి తెచ్చే పని లేదంటావా?"

ఇప్పటికైతే లేదు. రేపు ఉద్యోగం వచ్చాక వాడి జీతంతో వాడికి నచ్చింది కొనుక్కోమనండి. గ్రాఫిక్స్ కార్డు ఉన్నదే తీసుకోనీ. అప్పుడు ఏది మంచిదో రివ్యూ రాయడానికి నేనున్నా.